ఎర్ర చుక్కలు పొగ కాదు

సంపాదకులకు,

వేసవిలో నల్లమల మంటల వార్తల పక్కన ఎర్ర చుక్కల ఉపగ్రహ పటాలు వేస్తుంటారు. ఆ చుక్కలు చూపేది పొగను కాదు, వేడిని. ఉపగ్రహాల్లో ఉండి వేడిని పసిగట్టే వీర్స్ పరికరానికి ఒక్కో చుక్క దాదాపు 375 మీటర్ల గడి. మంట అందులో ఏ మూలనైనా ఉండొచ్చు, గడి మొత్తం తగలబడినట్టు కాదు. పైగా ఆ ఉపగ్రహాలు మన మీదుగా వెళ్లేది పగలు, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో. సాయంత్రం 4 గంటలకు అంటుకుని చీకటి పడేలోగా ఆరిపోయిన మంట పటంలోకి రాదు. చుక్క లేదు కాబట్టి మంట లేదనుకోవడం చాలా ప్రమాదం.

పొగ కోసం ఉపగ్రహ చిత్రాలు చూపే నాసా వరల్డ్‌వ్యూ వెబ్‌సైట్‌లో సహజ వర్ణ చిత్రం తెరిచి, దానిపై మంటల పొర పెట్టాలి. చుక్క దగ్గర సన్నగా మొదలై గాలివాటున విచ్చుకునే నీలిబూడిద చారే పొగ. మేఘం తెల్లగా, అంచు తేటగా ఉంటుంది. ధూళి లేత గోధుమరంగు. రాజస్థాన్ ఇసుక మీద అది కంటికి ఆనదు. అప్పుడు 11 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉపగ్రహం కొలిచిన పరారుణ ఉష్ణోగ్రతలోంచి 12 మైక్రాన్ల దగ్గరది తీసేయాలి. ధూళికి సాధారణంగా రుణసంఖ్య, పల్చటి మేఘానికి ధనసంఖ్య వస్తుంది.

గాలిలోని పొగ, ధూళి కణాలు వెలుతురును ఎంత అడ్డుకుంటున్నాయో చెప్పే ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ నేల నుంచి పైదాకా ఉన్న గాలి మొత్తానికి లెక్క. పొగ 3 కిలోమీటర్ల ఎత్తున పోతుంటే కింద ఊళ్లో గాలి బాగానే ఉండొచ్చు. కాలుష్య నియంత్రణ మండలి కేంద్రాల రీడింగ్ చూడందే విషగాలి అని శీర్షిక పెట్టకండి. పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్నని కణాలు) బాగా పెరిగితే పొగను, పీఎం 10 (10 మైక్రాన్ల లోపు కణాలు) ఒక్కటే ఎగబాకితే ధూళిని అనుమానించాలి.

దయచేసి ప్రతి చిత్రం కింద ఉపగ్రహం పేరు, తీసిన తేదీ, సమయం వేయండి.

– రిమోట్ సెన్సింగ్ అధ్యాపకులు, కర్నూలు