నాన్నకు వైద్యం చేసినవాళ్లకు కృతజ్ఞతలు

నాన్న ఇంటికి వచ్చేశారు. ఐసీయూ బయట మాతోపాటు కూర్చున్నవాళ్లకు, రోజూ క్యారేజీ పంపిన పక్కింటి అత్తయ్యగారికి మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు.

ఐసీయూ వాళ్ల గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తానికి పాకి నాన్నకు సెప్సిస్ అయింది, అంటే ఇన్‌ఫెక్షన్ ధాటికి అవయవాలే దెబ్బతినే స్థితి. బీపీ పడిపోయింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిపోయింది. చేర్చిన గంటలోపే ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీసి మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి ఫుల్ డోసా అని నాకు ఒకటే టెన్షన్. మందుల మోతాదులు చూసే అక్కడి క్లినికల్ ఫార్మసిస్ట్ మేడమ్ నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "సెప్సిస్‌లో రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరి ఒంట్లో చేరుతుందండీ. పైగా సెలైన్లు ఎక్కిస్తున్నాం. అంత నీటిలో మందు పలచబడిపోతుంది. అందుకే మొదటి డోస్ తగ్గించం. తర్వాతవి కిడ్నీని బట్టి చూస్తాం."

అన్నట్టే చూశారు. రోజూ పొద్దున్నే క్రియాటినిన్, యూరిన్ లెక్క ముందు పెట్టుకుని డోస్ మళ్లీ లెక్కగట్టేవారు. 8 గంటలకోసారి ఇచ్చే గ్రామును 12 గంటలకోసారికి మార్చారు. కిడ్నీలు తేరుకుని యూరిన్ బాగా రావడం మొదలయ్యాక, ఇప్పుడు మందు కూడా త్వరగా బయటికి పోతుందని మళ్లీ 8 గంటలకే తెచ్చారు. ఈ మందు విషయంలో రక్తంలో సరిపడా మోతాదు ఎంతసేపు నిలిచిందన్నదే ముఖ్యమట. అందుకని పంపు పెట్టి 3 గంటలపాటు నెమ్మదిగా ఎక్కించేవారు. అర్ధరాత్రి కూడా ఆ టైము తప్పనివ్వని సిస్టర్లకు చేతులెత్తి మొక్కుతున్నాను.

కల్చర్‌లో ఈ.కోలై అనే బ్యాక్టీరియా వచ్చింది, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని రకం. ఆ సంగతి తేల్చిన మైక్రోబయాలజీ ల్యాబ్ వాళ్లను మేం ఒక్కసారి కూడా చూడలేదు. వాళ్లకూ మా కృతజ్ఞతలు.

7 రోజులకు ఇంజెక్షన్లు ఆపేస్తామంటే మా బాబాయి ఒప్పుకోలేదు, ఇంకో వారం ఇవ్వమన్నారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉన్న చాలామందికి 7 రోజుల మందు 14 రోజుల మందుకు తీసిపోదని 2024లో వెలువడిన బ్యాలెన్స్ ట్రయల్ అనే పరిశోధనలో తేలిందని, నాన్న కోలుకుంటున్న తీరుకు అంతే చాలని డాక్టర్‌గారు విసుక్కోకుండా చెప్పారు. అక్కర్లేని యాంటీబయాటిక్ ఒక్క రోజు కూడా ఇవ్వనన్న ఆ డాక్టర్‌గారంటే నాకెంతో గౌరవం.

బిల్లులో డాక్టర్ల పేర్లుంటాయి, ఫార్మసిస్టుల పేర్లుండవు. మేడమ్, వచ్చేవారం రివ్యూకి వస్తున్నాం. మిమ్మల్ని కలిసి తీరాలంటున్నారు నాన్న.