ఆఖరి శనివారం, అయిదు నిమిషాలు: మన షాపు సాయంత్రాల్లో వస్తున్న మార్పులు

నమస్కారం అండీ.

శనివారం సాయంత్రం మాటలు ఇక ఉంటాయా, ఆపేస్తున్నారా అని కొన్ని వారాలుగా కౌంటర్ దగ్గర చాలామంది అడుగుతున్నారు. ఉంటాయి. కాకపోతే ప్రతి శనివారం కాకుండా నెలలో ఆఖరి శనివారం మాత్రమే పెడతాం. లోపలికి రావడానికి 60 రూపాయలు తీసుకుంటాం, అందులో ఒక కాఫీ కలిసే ఉంటుంది. మాట్లాడేవాళ్లకీ, చదువుకునే పిల్లలకీ టికెట్ లేదు. కారణం చెప్పకుండా గుమ్మం దగ్గర బోర్డు తగిలించేస్తే బాగుండదనిపించి ఇదంతా రాస్తున్నాను.

ఇంతవరకూ రానివాళ్ల కోసం రెండు మాటలు. విజయవాడలో ఏలూరు రోడ్డుకి దగ్గర్లో, పుస్తకాలూ కాఫీ కలిపి నడుపుతున్న చిన్న షాపు మాది. శనివారం సాయంత్రం ర్యాకులు గోడవైపు జరిపి కుర్చీలు వేస్తాం. ఎనిమిది మంది మాట్లాడతారు. ఒక్కొక్కరికీ తెర మీద 20 బొమ్మలు (స్లయిడ్లు), బొమ్మకి 15 సెకన్లు, మొత్తం అయిదు నిమిషాలు. బొమ్మలు వాటంతటవే మారిపోతుంటాయి. నలుగురయ్యాక కాఫీ విరామం, తర్వాత మిగతా నలుగురు.

ముందు డబ్బు సంగతి. శనివారం సాయంత్రం మాకు అమ్మకాలు బాగా జరిగే పూట. కుర్చీలు వేసేశాక పుస్తకం కోసం వచ్చినవాళ్లు గుమ్మంలోంచే చూసి వెళ్లిపోతున్నారు. షామియానా సప్లయర్స్ నుంచి తెచ్చే కుర్చీల అద్దె, ప్రొజెక్టర్, ఏసీకి కరెంటు, రాత్రి వరకూ ఉండి అన్నీ సర్దే కుర్రాళ్లకి అదనపు జీతం, ఇవన్నీ ఉన్నాయి. కాఫీ అమ్మకంతో ఈ ఖర్చు పూడుతుందని మొదట్లో లెక్క వేసుకున్నాం. పూడటం లేదు. ఒక మనిషి నిలబడి మాట్లాడుతుంటే మధ్యలో లేచి కాఫీ తెచ్చుకోవాలని ఎవరికీ అనిపించదు, అలా అనిపించకపోవడమే నాకూ కావాలి. నాలుగు శనివారాల నష్టం షాపు మోయలేదు. ఒక్క శనివారం అయితే, మీ 60 రూపాయలతో, మోయగలదు.

ఖర్చంతా మేం పెట్టుకుంటాం అంటూ వచ్చినవాళ్లు లేకపోలేదు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు అడిగారు, ప్లాట్ల వెంచర్ వాళ్లు ఒకరు అడిగారు. వాళ్లు కోరింది పెద్దదేం కాదు: వెనక ఒక ఫ్లెక్సీ, మొదట్లో వాళ్ల మనిషి ఒక పది నిమిషాలు మాట్లాడటం. ఇద్దరికీ వద్దని చెప్పాను. డబ్బు ఇచ్చినవారికి పది నిమిషాలు, మిగతా అందరికీ అయిదు అన్నరోజున ఈ సాయంత్రం విలువ పోతుంది. మా దగ్గర అందరికీ సమానంగా ఉన్నది ఆ అయిదు నిమిషాలే.

గడియారం విషయంలో ఇంత పట్టుదల ఎందుకని పెద్దవాళ్లు కొందరు అడిగారు. ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. టోక్యోలో ఆస్ట్రిడ్ క్లైన్, మార్క్ డైథమ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు 2003లో పెచకుచా అనే సాయంత్రాలు మొదలుపెట్టారు. 20 బొమ్మలు, ఒక్కోటి 20 సెకన్లు, 6 నిమిషాల 40 సెకన్లలో ఎవరి మాటైనా అయిపోవాలి. తమ పని గురించి చెప్పమంటే ఆర్కిటెక్టులు ఎంతకీ ఆపరని వాళ్లకి బాగా తెలుసు, అందుకే బొమ్మ మార్చే పని మాట్లాడేవారి చేతిలోంచి తీసేశారు. మూడేళ్ల తర్వాత, 2006లో, అమెరికాలోని సియాటెల్‌లో బ్రేడీ ఫారెస్ట్, బ్రీ పెటిస్ ఇగ్నైట్ పేరుతో దాన్ని ఇంకా కుదించి బొమ్మకి 15 సెకన్లు చేశారు. మేం తీసుకున్న లెక్క అదే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్లయితే 2008లో పీహెచ్‌డీ విద్యార్థులకి మూడే నిమిషాలు, ఒకటే స్లయిడ్ ఇచ్చారు. అప్పట్లో అక్కడ తీవ్రమైన కరువు. స్నానానికి నీళ్లు ఎక్కువ వాడకూడదని జనం బాత్రూమ్ గోడకి మూడు నిమిషాల టైమర్లు పెట్టుకున్నారు. యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్‌కి ఆ టైమర్ నుంచే ఈ ఆలోచన వచ్చింది. నీళ్ల కరువులోంచి మాట పొదుపు పుట్టిందన్నమాట.

మన దగ్గర సభ అంటే ఏమిటో మీకు తెలిసిందే. జ్యోతి ప్రజ్వలన, ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలవడం, శాలువాలు, జ్ఞాపికలు, అధ్యక్షులవారి తొలిపలుకులు. ఆ సభల్లో నేను గొప్ప ప్రసంగాలు విన్నాను, పుస్తకాల మీద నాకున్న ఇష్టం సగం అక్కడ పుట్టిందే. కానీ 'రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను' అన్న పెద్దమనిషి ముప్పావుగంట మాట్లాడితే, ఆ సమయం ఎవరి దగ్గర్నుంచి తీసుకున్నట్టు? 'సమయాభావం వల్ల క్లుప్తంగా ముగించగలరు' అన్న చీటీ చివర్లో ఎవరి చేతికి వెళ్తుందో చూడండి. వయసులో చిన్నవాళ్లకి, ఆడవాళ్లకి, పేరు వెనక హోదా లేనివాళ్లకి వెళ్తుంది. గడియారానికి ఎవరి హోదాతోనూ పని లేదు. అందుకే మా దగ్గర ముఖ్య అతిథి ఉండరు, శాలువా ఉండదు, 'మీకు మాత్రం ఇంకో రెండు నిమిషాలు' అనే మాటా ఉండదు. ఎంత పెద్దవారు అడిగినా ఇందులో మార్పు లేదు, దయచేసి ఏమీ అనుకోవద్దు.

దీనివల్ల మైకు ఎవరి చేతికి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోండి. బీసెంట్ రోడ్డు దగ్గర చీరలకి ఫాల్స్, పీకో చేసే ఒకావిడ, ఫాల్ గుడ్డని ముందే నీళ్లలో నానబెట్టి ఇస్త్రీ చేయకుండా కుడితే మొదటి ఉతుకుకే అది ముడుచుకుపోయి చీర అంచు ఎలా లాగేస్తుందో చూపించింది. కొండపల్లి బొమ్మలు చేసే కుర్రాడొకడు తెల్ల పొణికి కర్ర గురించి, ముక్కల్ని అతికించడానికి చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపి చేసే మక్కు గురించి చెప్పాడు. గంట మాట్లాడమంటే వీళ్లిద్దరూ వచ్చేవాళ్లు కాదు. అయిదు నిమిషాలే కదా అని ఒప్పుకున్నారు.

బుడమేరు వరద మీద పెట్టిన సాయంత్రం గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో మన ఊళ్లో ఏం జరిగిందో అందరం చూశాం, కానీ నీళ్లు బుడమేరు నుంచి ఎలా వచ్చాయో మనలో చాలామందికి సరిగ్గా తెలియదు. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన ఒకాయన చేత్తో గీసిన పటాలతో వచ్చారు. బుడమేరు కొల్లేరులో కలిసే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ (నీటిని అదుపు చేసే గేట్లు) కట్టి, దాని వరదని మళ్లింపు కాలువలోంచి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. ఆ రోజుల్లోనే కృష్ణ కూడా పొంగింది, బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత ఎత్తున ఉంటే కాలువ నీళ్లు అందులోకి దిగవు. మరోపక్క కాలువ గట్లకి గండ్లు పడ్డాయి. నీళ్లు సింగ్‌నగర్ వైపు తిరిగాయి. ఇదంతా ఆయన అయిదు నిమిషాల్లో చెప్పారు. మా అబ్బాయి వయసు పిల్లలు కూడా తర్వాత ఆ పటం కాగితం మీద గీసి చూపించగలిగారు.

ఆయన తర్వాత సింగ్‌నగర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి తన ఇంటి ఫొటోలు చూపించింది. గోడ మీద నీటి గీత, బోర్లాపడిన ఫ్రిజ్, ఉబ్బిపోయిన తలుపు, బురదలో పిల్లల సర్టిఫికెట్లు. వాళ్ల నాన్నగారి కుట్టు మిషన్ ఫొటో దగ్గర ఆమెకి మాట రాలేదు. ఫొటో మారింది, ఆమె మళ్లీ అందుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, 'ఆ ఫొటో దానంతటది మారకపోయుంటే నేను అక్కడే ఆగిపోయేదాన్నండీ' అంది. బొమ్మ తనంతట తాను కదలడం ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు చెప్పేది ఇదే.

అయిదు నిమిషాల్లో ఏ విషయమూ పూర్తిగా రాదనే మాట నిజమే. అందుకని వచ్చే నెల నుంచి ఇంకో ఏర్పాటు చేస్తున్నాం. మాట్లాడే ప్రతి ఒక్కరూ తమ విషయం మీద ఒక పుస్తకం పేరు చెప్పాలి, దొరికినంతవరకూ అవి తెప్పించి కౌంటర్ పక్కన పెడతాం. కాఫీ విరామం కూడా అరగంటకి పెంచుతున్నాం. ప్రశ్నలన్నీ అప్పుడు అడగండి. అసలు మంచి కబుర్లు ఆ అరగంటలోనే నడుస్తాయి.

మాట్లాడాలనుకునేవాళ్లకి కొన్ని సంగతులు. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. గ్రాంథికం అక్కర్లేదు, మధ్యలో ఇంగ్లీషు ముక్క పడితే ఎవరూ తప్పు పట్టరు. గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది వాడుక మాట కోసమే కదా. 15 సెకన్లలో రెండు మూడు వాక్యాలకి మించి పట్టవు కాబట్టి బొమ్మ మీద రాత ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. రాయాల్సి వస్తే యూనికోడ్ తెలుగులో రాయండి, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో చేయించిన స్లయిడ్లు మా లాప్‌టాప్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి. చేయించడం అయిపోతే పీడీఎఫ్ చేసి పంపండి. ఇవేవీ రావనుకుంటే ఫోన్‌లోని ఫొటోలు వరసగా వాట్సాప్ చేయండి, టైమింగ్ మేం పెడతాం. అన్నీ గురువారం సాయంత్రానికి అందాలి.

వీడియోల గురించి. మాట్లాడినవారు సరే అంటేనే బయట పెడతాం, తర్వాత ఎప్పుడు తీసేయమన్నా తీసేస్తాం. దయచేసి మీరు కూడా ఫోన్‌లో తీసి స్టేటస్‌లో పెట్టకండి. ఈ భరోసా లేకపోతే రాలేమని కొందరు ఆడవాళ్లు నాతో నేరుగానే చెప్పారు.

పై అంతస్తులో ఉన్న కుటుంబంలో ఇంటర్ చదివే పిల్ల ఉంది. అందుకని సరిగ్గా ఆరున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి మైకు కట్టేస్తాం. పరీక్షలు జరిగే మార్చిలో అసలు పెట్టం. బళ్లు ఎదురింటి గేటుకి అడ్డంగా ఆపవద్దని ఇంకోసారి మనవి.

ఈ నెలాఖరుకి ఇంకా మూడు చోట్లు ఖాళీగా ఉన్నాయి. ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టేవాళ్లు గానీ, లారీల మీద రంగులు, రాతలు వేసేవాళ్లు గానీ మీకు తెలిసినవాళ్లుంటే చెప్పండి, వాళ్ల పని గురించి వాళ్ల నోటితోనే వినాలని నాకు చాలాకాలంగా ఉంది. మొహమాటపడుతుంటే ముందురోజు, శుక్రవారం సాయంత్రం, ఒకసారి షాపుకి తీసుకురండి. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఫొటోలు వరసగా పెట్టి, రిహార్సల్ నేనే దగ్గరుండి చేయిస్తాను.