ప్రాణం దక్కింది, మరి కాలు?

సంపాదకులకు నమస్కారం.

ఊడ్పులు మొదలైనప్పటి నుంచి మీ జిల్లా పేజీలో పాముకాటు వార్తలు వరసగా వస్తున్నాయి. మనిషి చనిపోతే పెద్ద వార్త, బతికితే ‘తప్పిన ప్రాణాపాయం’ అని నాలుగు వాక్యాలు. ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో ఎవరూ రాయరు. నేను కృష్ణా డెల్టాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి సర్జికల్ వార్డులో హెడ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ప్రాణాపాయం తప్పిన తర్వాత జరిగేదంతా మా డ్రెస్సింగ్ గదిలోనే జరిగేది. అది పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం.

పాము విషం మనిషిని చంపకపోయినా కరిచిన చోట కండను చంపగలదు. నాగుపాము కరిస్తే ఊపిరి ఆగిపోతుందని పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాని విషంలో నరాలను పడగొట్టే పదార్థంతో పాటు కణాలను చీల్చేసే పదార్థం కూడా ఉంటుందన్నది తెలియదు. మొదట వాపు వస్తుంది, తర్వాత చర్మం కమిలి బొబ్బలెక్కుతుంది. రెండు మూడు రోజులకు కాటు చుట్టూ నల్లటి మచ్చ తేలుతుంది. అప్పటికి రోగి లేచి కూర్చుని ఇడ్లీ తింటూ ఉంటాడు. గండం గడిచింది కదా, ఇంటికి పంపండి అని బంధువులు తొందర పెడుతుంటారు. ఆ నల్లటి చర్మం అంచును ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే రోగి ఉలిక్కిపడడు. నొప్పి తెలియడం లేదంటే అక్కడ కండ చచ్చిందని అర్థం. కంటికి రూపాయి బిళ్లంత కనిపించిన మచ్చ కింద చచ్చిన కణజాలం అరచేతి వెడల్పున ఉండటం చాలాసార్లు చూశాను. దాన్ని తొలగించకపోతే చీము పడుతుంది, గాంగ్రీన్ అవుతుంది. వేలితో పోయేది పాదం దాకా, కొన్నిసార్లు మోకాలి దాకా వస్తుంది.

రక్తపింజర సంగతి ఇంకా దారుణం. దాని విషానికి రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి, కాలు తొడ దాకా ఉబ్బిపోతుంది. మూత్రపిండాల పైపొరలో కణజాలం చచ్చిపోయి డయాలసిస్ వరకు వెళ్లినవారున్నారు. అందుకే కాలి వాపు తగ్గిందా అని చూడటంతో పాటు మూత్రం ఎంత వస్తోంది, ఏ రంగులో వస్తోంది అని కూడా గంట గంటకు రాసుకునేవాళ్లం.

ఆసుపత్రిలో ఇచ్చే విషం విరుగుడు ఇంజెక్షన్ రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టి నిర్వీర్యం చేస్తుంది. చచ్చిన కండను అది బతికించలేదు. కాబట్టి కాటుకూ ఇంజెక్షన్‌కూ మధ్య పోయే ప్రతి గంటా ఆ కాలికి నష్టమే. మంత్రగాడి దగ్గర ఒక గంట, పసరు వైద్యుడి దగ్గర ఇంకో గంట గడిపి, పుండు మీద ఆకు ముద్దతో మా దగ్గరకు వచ్చేవాళ్లు. విషం కారిపోతుందని కొందరు బ్లేడుతో గాట్లు పెట్టేవాళ్లు. గడ్డకట్టని రక్తానికి కొత్త దారులు తెరవడం తప్ప దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించేది తాడు. విషం పైకి ఎక్కకూడదని పిక్క మీద నైలాను తాడో, తువ్వాలో బలమున్నంత మేరా బిగిస్తారు. తాడు కింద చర్మం లోతుగా కోసుకుపోయి, పాదం చల్లబడి, వేళ్లు నీలంగా మారి వచ్చినవాళ్లను చూశాను. రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే కండరం కోలుకోలేని స్థితికి చేరుతుంది. పైగా తాడు వల్ల విషమంతా ఒకే చోట నిలిచి అక్కడి కండను ఇంకా తినేస్తుంది. పాము చేసేదాన్ని తాడు రెట్టింపు చేస్తుందన్నమాట. అలాగని దారిలో ఎవరో ఒకరు హఠాత్తుగా విప్పేయకూడదు. ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి వస్తుంది. డాక్టరు పక్కన ఉండగా, మందు సిద్ధం చేసుకున్నాకే దాన్ని విప్పేవాళ్లం. అసలు కట్టకుండా ఉంటే ఈ బాధే లేదు. ఎముక విరిగినప్పుడు చేసినట్టు కాలిని కర్రబద్దకు ఆనించి కదలకుండా ఉంచి, నడిపించకుండా 108లో తీసుకురావడమే చేయాల్సింది.

మెట్టెల గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే దీన్ని ఏ కరపత్రంలోనూ చూడలేదు. ఒకసారి నాట్ల కూలీ ఒకామెను తీసుకొచ్చారు. పాదం అప్పటికే ఉబ్బి, మెట్టె చర్మంలోకి దిగబడి కనిపించకుండా పోయింది. కటింగ్ ప్లేయరు తెప్పించి కత్తిరిద్దామంటే అత్తగారు అడ్డుపడ్డారు. “నా కొడుకు నిక్షేపంలా ఉండగా కోడలి మెట్టెలు ఎలా తీస్తావమ్మా?” అన్నారు. నచ్చజెప్పి కత్తిరించేసరికి ఆలస్యమైంది. ఆ వేలు నిలవలేదు. పాము కరిచింది చీలమండ దగ్గర. ఆ వేలి జోలికే పోలేదు. ఆ తర్వాత నుంచి నేను వార్డుకు వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఒక మాట చెప్పేదాన్ని: మెట్టెలు తీసి మెడలోని పసుపు తాడుకు కట్టుకోండి, కాలు తగ్గాక మళ్లీ పెట్టుకోండి అని. దానికి ఏ అత్తగారూ కాదనలేదు. పట్టీలు, ఉంగరాలు, గాజులు, చేతికి కట్టిన తాళ్లు అన్నీ వాపు రాకముందే, పొలం గట్టు మీదే తీసేయాలి. ఆశా కార్యకర్తలు ఊడ్పులకు ముందు ఊరూరా చెప్పాల్సిన మొదటి విషయం ఇదేనని నా అభిప్రాయం.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. ఈ లెక్క అప్పుడప్పుడు పత్రికల్లో చూస్తాం. ప్రపంచవ్యాప్తంగా పాముకాటు మరణాలకు దాదాపు మూడు రెట్ల మంది అవయవాలు కోల్పోవడమో, శాశ్వత వైకల్యం పాలవడమో జరుగుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న మాట మాత్రం కనబడదు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు పెరిగి, మోపిదేవిలో సర్పశాంతి యాగం జరిగినప్పుడు పత్రికలన్నీ రాశాయి. ఆ బాధితుల కాళ్లూ వేళ్లూ తర్వాత ఏమయ్యాయో నేను ఎక్కడా చదవలేదు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక, 2030 నాటికి పాముకాటు మరణాలతో పాటు వైకల్యాన్ని కూడా సగానికి తగ్గిస్తామంటోంది. ఎంతమంది వికలాంగులవుతున్నారో జిల్లాల వారీగా నమోదే చేయకుండా సగం తగ్గిందని ఎలా తేలుస్తారు?

వైద్య ఆరోగ్య శాఖకు నాదొక విన్నపం ఉంది. పాముకాటు రోగిని పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద కాటు మచ్చ కొలత రాయాలి, వారంలోపు మళ్లీ వచ్చి చూపించుకునే తేదీ వేయాలి. చచ్చిన కండ తీసేశాక ఏర్పడే పచ్చి పుండుకు చాలామందికి చర్మం అతికించాలి. తొడ మీది పలుచని పొర తీసి పరిచే ఆ ఆపరేషన్ కోసం మేము పెద్ద ఆసుపత్రికి రాసి పంపేవాళ్లం. వెళ్లినవాళ్లు తక్కువ. నాట్ల రోజుల్లో రోగి కూలి ఎలాగూ పోయింది, తోడు వెళ్లేవాడి కూలి కూడా పోతే ఇల్లు గడవదు. దాంతో నెలల తరబడి పుండుకు గుడ్డ చుట్టుకుని తిరిగి, చివరికి కీలు బిగుసుకుపోయిన కాలితో వచ్చేవాళ్లు. సర్జన్, మత్తు డాక్టరు ఉన్న ఏరియా ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ చేయవచ్చు. వారానికి ఒక రోజు దీనికి కేటాయించి, ఆ రోజు ఏదో ఊళ్లలో ముందే చాటించమని జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
కృష్ణా జిల్లా