వాసన తెలియకపోవడం చిన్న విషయం కాదు

సంపాదకుడు గారికి,

వాసన, రుచి తెలియడం లేదని ఎవరైనా అంటే "జలుబు చేసి ఉంటుందిలే" అని కొట్టిపారేసే అలవాటు 2020లో కోవిడ్ వ్యాపించాక కొంత తగ్గినా, మళ్లీ మొదలైనట్టు కనిపిస్తోంది. జ్వరం తగ్గాక కూడా నాకు కొన్నాళ్లు వాసన తెలియక, పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడినా, పొగకు కళ్లు మండేదాకా గమనించలేదు. అదే గ్యాస్ లీకై ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగులు, మాంసం వంటివాటిలో ఉండే కమ్మని రుచి) వంటి మూల రుచులే. తక్కినదంతా నమిలేటప్పుడు నోటి వెనుక నుంచి ముక్కులోకి చేరే వాసన వల్ల కలిగేదే కాబట్టి, రుచి పోయిందనేవారిలో చాలామందికి నిజానికి పోయింది వాసనే. వైరస్ జ్వరాలు, ముక్కులో పాలిప్స్ (మెత్తని కండ పెరగడం), తలకు దెబ్బ, కొన్ని మందులు ఇందుకు కారణం కావచ్చు. మెదడుకు సంబంధించిన పార్కిన్సన్స్ వ్యాధిలో వణుకు కనిపించడానికి ఏళ్ల ముందే వాసన తగ్గవచ్చు. అలాగని ప్రతివారూ హడలిపోవలసిన పని లేదు.

గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ వాసనలను రోజుకు రెండుసార్లు, నెలల తరబడి శ్రద్ధగా పీల్చే సాధన కొందరికి మేలు చేస్తుంది. నాకు మొదట తిరిగివచ్చింది లవంగం వాసన. వైద్యులు మామూలు పరీక్షల్లోనే "వాసన తెలుస్తోందా" అని అడగాలని, వారాలు గడిచినా వాసన తెలియనివారు చెవి, ముక్కు, గొంతు వైద్యుని కలవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు