భూగర్భశాస్త్రం మాస్టారి గురించి రాసే తీరు ఇదేనా?

సంపాదకుడు గారికి,

ఆన్‌లైన్‌లో భూగర్భశాస్త్రం చెప్పే నిక్ జెంట్నర్ గారి మీద మీ ఆదివారం అనుబంధంలో కథనం వచ్చి చాలా రోజులైంది. ఎవరో ఒకరు రాస్తారులే అని ఊరుకున్నాను, ఎవరూ రాయలేదు. సబ్‌స్క్రైబర్లు ఎంతమంది, వ్యూస్ ఎన్ని, ఆదాయం ఎంత ఉండొచ్చు, వీటితోనే పేజీ నింపేశారు. ఆయన అసలు ఏం చెబుతారో ఒక్క వాక్యం లేదు. పైగా ఆయన్ని 'యూట్యూబర్' అని రాశారు.

ఆయన అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఎలెన్స్‌బర్గ్ అనే ఊళ్లో, సెంట్రల్ వాషింగ్టన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మాస్టారు. 2020 మార్చిలో కొవిడ్ వల్ల క్లాసులు ఆగిపోతే ఇంటి నుంచే లైవ్ మొదలుపెట్టారు. బ్లాక్‌బోర్డు, సుద్దముక్కలు, చేత్తో గీసిన మ్యాపులు. ఫీజు లేదు, ఎవరైనా చూడొచ్చు. అడిగిన ప్రశ్నకు జవాబు తెలియకపోతే తెలియదనే చెబుతారు, టీవీ చర్చల్లో ఆ మాట విని ఎన్నాళ్లయిందో.

ఆయన పాఠం ఒక్కటైనా చూసి ఉంటే మీ విలేకరికి రాయడానికి బోలెడంత దొరికేది. వాషింగ్టన్ తూర్పు భాగంలో చాలాచోట్ల పైమట్టి కొట్టుకుపోయి లావా గట్టిపడి ఏర్పడిన నల్లటి బసాల్ట్ రాయి బయటపడి ఉంటుంది. డ్రై ఫాల్స్ అనే చోట సుమారు 400 అడుగుల ఎత్తు, మూడున్నర మైళ్ల వెడల్పున్న నిట్టనిలువు రాతిగోడ ఉంది. ఒకప్పుడు అది జలపాతం, ఇప్పుడు దాని మీద నుంచి చుక్క నీరు పడదు. ఇదంతా మహా వరద చేసిన పని అని భూగర్భశాస్త్రవేత్త జె. హార్లెన్ బ్రెట్జ్ 1923లో అంటే, 1927లో దేశ రాజధాని వాషింగ్టన్ డీసీలో జరిగిన సభలో పెద్దపెద్ద వాళ్లు ఆయన్ని ఏకిపారేశారు. అన్ని నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నది వాళ్ల ప్రశ్న. జవాబు పక్కనున్న మోంటానాలో ఉంది. మంచుయుగంలో హిమానీనదం ఓ నదికి అడ్డం పడి మిసౌలా అనే పెద్ద సరస్సు ఏర్పడింది, ఆ మంచుకట్ట తెగినప్పుడల్లా సరస్సంతా ఒక్కసారిగా వచ్చి పడింది. ఏటి ఇసుకలో నీళ్లు వేసే మడతలు మనం చూస్తుంటాం కదా, ఆ సరస్సు అడుగున అలాంటి మడతలే పదుల అడుగుల ఎత్తున ఉన్నాయని జె.టి. పార్డీ అనే మరో భూగర్భశాస్త్రవేత్త 1942లో ప్రచురించారు. బ్రెట్జ్‌కి భూగర్భశాస్త్రంలో పెద్ద గౌరవమైన పెన్రోజ్ పతకం వచ్చింది 1979లో, తొంభై ఏళ్లు దాటాక!

జెంట్నర్ గారు ఇలాంటివి ఏ రాయి చూసి, ఎవరు, ఏ ఆధారంతో ఆ మాట అన్నారో వరసగా చెబుతారు. ఇంకా తేలని గొడవల్ని కూడా దాచరు. కెనడా పశ్చిమ తీరంలోని కొంత నేల ఒకప్పుడు మెక్సికో దాపుల్లో ఉండేదా అన్న వాదం మీద పాఠాల వరసే నడిపారు, ఔనన్న వాళ్లనీ కాదన్న వాళ్లనీ పిలిచి మాట్లాడించారు. దీన్ని వినోదం ఖాతాలో వేస్తే ఎలా?

అదే పత్రికలో, కొద్ది రోజుల తేడాతో, గ్రహాలు ఒక వరసలోకి వస్తున్నాయి కాబట్టి ఫలానా వారంలో పెద్ద భూకంపం రావొచ్చని నాలుగు కాలాల వార్త వేశారు. అది చదివి ఎంతమంది ఇళ్లలో టెన్షన్ పడ్డారో మీకు తెలుసా? పెద్ద భూకంపాన్ని ఏ శాస్త్రవేత్తా ఇప్పటిదాకా ముందుగా చెప్పలేదని అమెరికా భూగర్భ సర్వే సంస్థే రాసిపెట్టింది. 1700 జనవరి 26న ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో వచ్చిన మహా భూకంపం తేదీని, అప్పుడు నేల కుంగి నీట మునిగి చచ్చిన దేవదారు చెట్లనీ, దానివల్ల జపాన్ దాకా వెళ్లిన సునామీ గురించి అక్కడ రాసిపెట్టుకున్న వివరాల్నీ జోడించి పట్టుకున్నారు. అంత గట్టిగా గతాన్ని తేల్చగలిగిన వాళ్లు కూడా తర్వాతిది ఏ రోజు వస్తుందో చెప్పరు.

మన అధికారుల సంగతి మరీ అన్యాయం. నేల కంపిస్తే ఒక ప్రకటన ఇస్తారు, 'ప్రజలు ఆందోళన చెందవద్దు' అని. ఎందుకు కంపించిందో మామూలు మాటల్లో చెప్పే నాథుడు ఉండడు. భూగర్భశాస్త్రం చదివి జీతాలు తీసుకునే వాళ్లు ఇంతమంది ఉన్నారు, వారానికి ఒక గంట ఓ బ్లాక్‌బోర్డు ముందు నిలబడి జనానికి చెప్పమని ప్రభుత్వం ఒక్క ఉత్తర్వు ఇవ్వకూడదా? బడిలో రాళ్ల పాఠమంటే అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని బట్టీ పట్టించడమే, ఒక్క రాయైనా పిల్లల చేతిలో పెట్టరు.

జెంట్నర్ గారి పాఠాల్లో ఏముందో చెప్పే వ్యాసం ఒకటి భూగర్భశాస్త్రం తెలిసిన వాళ్లతో రాయించి వేయండి. భూకంపం జోస్యానికి ఆధారం లేదన్న సవరణ కూడా వేయండి, లోపలి పేజీలో మూలన కాకుండా ఆ వార్త వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో.

– ఒక పాఠకుడు