పాత ప్రకటనల్లోని తారలు, పేరు తెలియని మోడళ్లు

సంపాదకుల వారికి నమస్కారాలు.

అమెరికాలో రేడియో, టెలివిజన్ తొలి దశాబ్దాల నాటి వాణిజ్య ప్రకటనలపై ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వెలువడిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఆ ప్రకటనల్లో కనిపించిన తారల అందాన్నీ, వినిపించిన గొంతుల్లోని ఆప్యాయతనూ వ్యాసకర్త చక్కగా వర్ణించారు. అయితే ఆ తారలు ఏ ఒప్పందం మీద అక్కడికి వచ్చారో, వారి మాట నమ్మి సరుకు కొన్నవారికి ఏమైందో, పేరు లేకుండా తెర మీద నిలబడిన మోడళ్లు ఎవరో ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. పాత ప్రకటనను ముచ్చటైన జ్ఞాపకంగా మాత్రమే చూపిస్తే చరిత్రలో సగం చెప్పకుండా వదిలేసినట్టే అవుతుందన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

రేడియోలో ప్రసిద్ధుల పేరును అమ్మకానికి వాడుకోవడం తొలి ప్రకటనతో పాటే మొదలైంది. 1922 ఆగస్టు 28న న్యూయార్క్‌లోని డబ్ల్యూఈఏఎఫ్ రేడియో కేంద్రం 50 డాలర్ల రుసుము తీసుకుని ఒక స్థిరాస్తి సంస్థ తరఫున ప్రసంగాన్ని ప్రసారం చేసింది. ఆ నగరంలోని జాక్సన్ హైట్స్ ప్రాంతంలో ఆ సంస్థ కట్టిన అపార్ట్‌మెంట్లకు నవలాకారుడు నథానియల్ హాథార్న్ పేరు పెట్టారు. ప్రసంగం కూడా ఆయన కన్నుమూసి 58 ఏళ్లు గడిచాయన్న ప్రస్తావనతోనే మొదలై, మెల్లగా ఇళ్ల అమ్మకం వైపు మళ్లింది. 1864లో మరణించిన రచయితను అనుమతి అడిగే వీలు ఎవరికీ లేదు, ఆ అవసరం ఉందని కూడా ఎవరూ అనుకోలేదు.

ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో ఈ పద్ధతి ఎంత లోతుకు పాకిందో తెలియాలంటే నాటి కార్యక్రమాల నిర్మాణం తెలియాలి. ఈనాటిలా కార్యక్రమం ఒకచోట, మధ్యలో ప్రకటన మరోచోట ఉండేవి కావు. సరుకు తయారుచేసే సంస్థ, దాని ప్రకటనల ఏజెన్సీ కలిసి కార్యక్రమాన్నే తయారు చేయించేవి. తారలను ఎంపిక చేయడంలోనూ, స్క్రిప్టును ఆమోదించడంలోనూ వాటిదే పైచేయి. హాస్యనటుడు జాక్ బెన్నీ 1934 నుంచి 1942 వరకు జెల్లో అనే తీపి జెల్లీ పొడి తరఫున కార్యక్రమం నడిపినప్పుడు, శ్రోతలను పలకరించే మాటలోకే ఆ సరుకు పేరు చేరిపోయింది. 1934లో ఆరంభమై 1955 వరకు సాగిన లక్స్ రేడియో థియేటర్‌లో హాలీవుడ్ తారలు గంటసేపు నాటకం నడిపించి, చివర్లో సంభాషణ ముసుగులో సబ్బును మెచ్చుకునేవారు. 1936 నుంచి 1945 ఆరంభం దాకా ఆ కార్యక్రమాన్ని సమర్పించినవాడు దర్శకుడు సెసిల్ బి. డిమిల్. నాటకంలోని పాత్రను ప్రేమించిన శ్రోతకు, అదే గొంతు అదే ఊపులో సబ్బు గురించి మాట్లాడితే అది కిరాయి మాట అని తోచే అవకాశం ఎంత? ఆ రెంటి మధ్య గీత లేకుండా చూడడమే స్పాన్సర్‌కు కావలసింది.

టెలివిజన్ వచ్చాక గొంతుకు ముఖం తోడైంది. 1941 జులై 1న న్యూయార్క్‌లో ప్రసారమైన తొలి చట్టబద్ధమైన ప్రకటనలో మనిషే లేడు, బులోవా గడియారం మాత్రమే ఉంది. పదేళ్లు తిరిగేసరికి పరిస్థితి పూర్తిగా మారిపోయింది. 1951లో మొదలైన హాస్య ధారావాహిక ఐ లవ్ లూసీకి ఫిలిప్ మోరిస్ సిగరెట్ సంస్థ స్పాన్సర్ కాగా, లూసిల్ బాల్, డెసీ ఆర్నజ్ దంపతులు ఆ సిగరెట్ ప్రకటనల్లో స్వయంగా కనిపించారు. 1960లో వచ్చిన ఫ్లింట్‌స్టోన్స్ కార్టూన్ పాత్రలు సైతం విన్‌స్టన్ సిగరెట్లు కాల్చాయి. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వార్తల సంగతి. కామెల్ సిగరెట్ల పేరుతోనే నడిచిన ఎన్‌బీసీ టెలివిజన్ సంస్థ వార్తా కార్యక్రమాన్ని 1949 నుంచి 1956 వరకు జాన్ కామెరాన్ స్వేజీ చదివారు. పొగ తాగరాదన్న బోర్డు ఏ దృశ్యంలోనూ కనిపించకూడదన్నది స్పాన్సర్ పెట్టిన నియమం. చుట్ట తాగేవారిని చూపించకూడదన్న షరతు కూడా ఉండేది, విన్‌స్టన్ చర్చిల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చారు. వార్త చదివే మనిషి మీద ప్రజలు పెట్టుకున్న నమ్మకాన్ని సిగరెట్ల అమ్మకానికి తాకట్టు పెట్టడం, నా దృష్టిలో, సినీతార సబ్బును పొగడడం కంటే చాలా పెద్ద తప్పు.

మోడళ్ల విషయంలో జరిగిన అన్యాయం వేరే రకానిది. వెస్టింగ్‌హౌస్ రిఫ్రిజిరేటర్లను టెలివిజన్‌లో చూపించిన బెట్టీ ఫర్నెస్, 1952 నాటి రాజకీయ పార్టీల జాతీయ సమావేశాల ప్రసారాల పుణ్యమా అని ఇంటింటికీ తెలిసిన మనిషైంది. 1954లో ప్రత్యక్ష ప్రసారంలో ఒక రిఫ్రిజిరేటర్ తలుపు ఎంత లాగినా తెరుచుకోకపోవడం నేటికీ చెప్పుకునే సంఘటన. దాన్ని చాలామంది ఫర్నెస్‌కే ఆపాదిస్తారు. నిజానికి ఆ రోజు ఆమె బదులు నిలబడి, లక్షలాది మంది చూస్తుండగా ఆ ఇబ్బందిని ఎదుర్కొన్నది జూన్ గ్రాహం. కష్టం ఒకరిది, జ్ఞాపకంలో నిలిచిన పేరు మరొకరిది. పేరు నమోదు చేసే అలవాటు లేని రంగంలో ఇలాంటి తారుమార్లు ఇంకెన్ని జరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు.

మోడల్ శరీరానికి జరిగిన నష్టం దీనికంటే బరువైనది. 1960ల్లో మార్ల్‌బరో సిగరెట్ల టెలివిజన్ ప్రకటనల్లో కౌబాయ్‌గా కనిపించిన డేవిడ్ మెక్లీన్ 1995లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించారు. ప్రకటనల చిత్రీకరణలో కోరిన దృశ్యం కుదిరేదాకా ఆయన సిగరెట్ల మీద సిగరెట్లు కాల్చవలసి వచ్చిందని ఆరోపిస్తూ భార్య ఆ సిగరెట్లు తయారుచేసే ఫిలిప్ మోరిస్ సంస్థపై దావా వేశారు. ఆ కౌబాయ్ చిత్రాన్ని మనం ఇప్పటికీ ప్రకటనల కళకు మచ్చుతునకగా పత్రికల్లో వేసుకుంటున్నాం. గుర్రం మీద ఉన్న ఆ మనిషి ఎలా మరణించాడో చిత్రం కింద ఒక్క ముక్కైనా రాయం.

పరిచితమైన ముఖానికున్న బలం మేలుకూ పనికి వచ్చిందన్న సంగతిని నేను దాచడం లేదు. పెర్రీ మేసన్ ధారావాహికలో ప్రభుత్వ న్యాయవాదిగా నటించిన విలియం టాల్మన్, 1968 ఆగస్టులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించడానికి కొన్ని వారాల ముందు, అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కోసం పొగతాగవద్దని చెప్పే ప్రకటనలో నటించారు. 1985లో మరణించిన నటుడు యూల్ బ్రిన్నర్ కూడా, తాను పోయాక ప్రసారం చేయడానికి వీలుగా, అదే విన్నపాన్ని కెమెరా ముందు చెప్పి వెళ్లారు. సిగరెట్ ప్రకటనలపై బ్రిటన్ టెలివిజన్‌లో 1965 ఆగస్టు 1 నుంచి, అమెరికా రేడియో, టెలివిజన్లలో 1971 జనవరి 2 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది.

అన్నిటికీ తారలనే దోషులుగా నిలబెట్టాలన్నది నా ఉద్దేశం కాదు. కార్యక్రమం కావాలంటే స్పాన్సర్ కావాలి, స్పాన్సర్ కావాలంటే అతని సరుకును పొగడాలి. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ఉన్నతాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని అధికారికంగా ప్రకటించింది కూడా 1964 జనవరిలోనే. కానీ తెలియనితనాన్ని సాకుగా చూపలేని సందర్భాలున్నాయి. గాయకుడు పాట్ బూన్ ఒక మొటిమల మందును సమర్థిస్తూ, దాన్ని తన కుమార్తెలు వాడి ఫలితం పొందారన్నట్టు ప్రకటన ఇచ్చారు. 1978లో వ్యాపార మోసాలను అరికట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ మాటలకు ఆధారం లేదని ఆక్షేపించి, కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వవలసిన సొమ్ములో తన వంతు భరించేందుకు ఆయనను ఒప్పించింది. సరుకును సమర్థించిన ప్రసిద్ధ వ్యక్తిని వ్యక్తిగతంగా బాధ్యుణ్ని చేసిన తొలి ఉదంతంగా దాన్ని పేర్కొంటారు. 1980లో అదే కమిషన్ ఖరారు చేసిన మార్గదర్శకాల ప్రకారం, తాను ఫలానా వస్తువు వాడుతున్నానని చెప్పే తార నిజంగా వాడుతూ ఉండాలి, ఆ వాడకం ఆగిపోయాక ప్రకటన కొనసాగకూడదు. ఇంత సామాన్యమైన నియమం రాతలోకి రావడానికి తొలి రేడియో ప్రకటన తర్వాత 58 ఏళ్లు పట్టింది.

ఇక్కడ బెట్టీ ఫర్నెస్‌ను మరోసారి తలచుకోవాలి. రిఫ్రిజిరేటర్లు చూపించిన ఆమెనే 1967లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వినియోగదారుల వ్యవహారాల ప్రత్యేక సహాయకురాలిగా నియమించారు. ప్రకటనల్లో కనిపించిన మనిషికి ఈ బాధ్యత ఏమిటని అప్పట్లో పెదవి విరిచినవారున్నారు. ఆమె మాత్రం ఆ పని నేర్చుకుని, తర్వాత టెలివిజన్‌లోనే వినియోగదారుల పక్షాన విలేఖరిగా ఏళ్ల తరబడి పనిచేశారు. మీ వ్యాసంలో ఆమె చిరునవ్వు ఫొటో ఉంది, ఈ రెండో జీవితం లేదు. నాకు అన్నిటికంటే వెలితిగా తోచింది అదే.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. ఇకపై పాత ప్రకటనల చిత్రాలు ప్రచురించినప్పుడు, అది ఏ సంవత్సరానిదో, ఏ కార్యక్రమంలో భాగమో, స్పాన్సర్ ఎవరో, అందులో ఉన్న నటుడు లేదా మోడల్ పేరేమిటో తెలిసినంత వరకు చిత్రం కిందే రాయించండి. పేరు తెలియకపోతే తెలియదనే రాయండి, మరొకరి పేరు తగిలించవద్దు. ప్రకటనలో చేసిన వాగ్దానం తర్వాతి కాలంలో అబద్ధమని తేలి ఉంటే, లేదా ఆ సరుకు నిషేధానికి గురై ఉంటే, ఆ విషయాన్నీ అదే పేజీలో చెప్పండి. అందుకు అనుబంధంలో నాలుగు పంక్తుల చోటు కేటాయిస్తే సరిపోతుంది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు