పక్కకు పోయిన చుక్క

వాసూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది, వెంటనే రాయలేకపోయాను, ఏమనుకోకు. లెక్కల్లో పీహెచ్‌డీ చేసినవాడు బయాలజీ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా చేరితే నెగ్గుకురాగలడా అని అడిగావు. ఫిజిక్స్ వదిలి వచ్చి ఇక్కడ ఎనిమిది నెలలైంది కాబట్టి ధైర్యంగా చెబుతున్నా, వచ్చెయ్ రా. కాకపోతే ఏ ల్యాబో చూసుకుని రా.

మొదటి వారమే మా సీనియర్ నా చేతికి పిపెట్, అదే కొలత ప్రకారం ద్రవాన్ని పీల్చి వదిలే పరికరం, ఇచ్చింది. 10 మైక్రోలీటర్లు తియ్యాలి. మీట నొక్కుతుంటే ఒకచోట ఆగినట్టు తెలుస్తుంది, ఇంకా గట్టిగా నొక్కితే మరికాస్త దిగుతుంది. ద్రవం తీసేటప్పుడు ఆ మొదటి చోటే ఆగాలి. రెండోది చివరి చుక్క వదలడానికి. నేను తీసేటప్పుడే కిందిదాకా నొక్కేశాను. ఆవిడ కోప్పడలేదు, టిప్‌ని వెలుగుకెత్తి ఎంత ఎక్కువ వచ్చిందో చూపించింది. అప్పటినుంచి గ్రాఫ్‌లో ఒక చుక్క పక్కకు పోతే, ముందు ఆ ట్యూబ్ ఎవరు ఎలా నింపారో కనుక్కుంటున్నాను.

అలాగని పక్కకు పోయిన ప్రతి చుక్కా పొరపాటు కాదు. లూరియా, డెల్‌బ్రూక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1943లో చేసిన ప్రయోగం చూడు, నీకు ప్రాణం లేచొస్తుంది. బ్యాక్టీరియాను విడివిడి ట్యూబుల్లో పెంచి, వాటిని చంపే వైరస్ పూసిన పళ్లేల మీద పోశారు. వైరస్ తగిలాకే తట్టుకునే గుణం పుడితే అన్ని పళ్లేల్లోనూ లెక్క దగ్గరదగ్గరగా ఉండాలి. కొన్నిట్లో ఒక్కటీ బతకలేదు, కొన్నిట్లో వందకు పైగా బతికాయి. అంటే ఆ మార్పు వైరస్ రాకముందే, ఎప్పుడో ఒకప్పుడు, యాదృచ్ఛికంగా జరిగిందన్నమాట. అది తొందరగా జరిగిన ట్యూబ్‌లో తట్టుకునేవాటి సంతానం బోలెడు. సగటు చూసి ఊరుకుంటే ఏమీ తేలేది కాదు, చెదురులోనే జవాబుంది. లూరియా డాక్టరీ చదివినవాడు, డెల్‌బ్రూక్ ఫిజిక్స్ మనిషి. ప్రయోగం ఒకరిది, దాని లెక్క ఇంకొకరిది. 1969లో హెర్షే అనే మరో శాస్త్రవేత్తతో కలిపి ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

నీలాంటివాడి అవసరం ఉన్నది ఇక్కడే. కానీ కొన్నిచోట్ల డేటా అంతా వచ్చాక లెక్కలవాణ్ణి పిలిచి 'పీ వాల్యూ', అంటే అసలు తేడా ఏమీ లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంతో చెప్పే అంకె, తీసిపెట్టమంటారు. అలాంటిచోట చేరొద్దు. ప్రయోగం అనుకునే రోజునే నిన్ను కూర్చోబెట్టుకునేవాళ్లు కావాలి. ప్రొఫెసర్ లేనప్పుడు అక్కడి స్టూడెంట్లతో మాట్లాడు. మీటింగ్‌లో 'నాకిది అర్థం కాలేదు' అని చివరిసారి ఎవరన్నారు, అప్పుడేం జరిగింది అని అడుగు. పేపర్ మీద పేర్ల సంగతీ ముందే తేల్చుకో. మీ లెక్కల్లోలా అక్షరక్రమం కాదు. బయాలజీలో సాధారణంగా పనంతా చేసినవాళ్ల పేరు మొదట, ల్యాబ్ పెద్ద పేరు చివర ఉంటుంది. మధ్యలో ఉన్నవాళ్లను ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

జీవశాస్త్రం రాదని టెన్షన్ పడకు. మూడు నెలలు ఓనమాలు దిద్దాలి, అంతే. నువ్వు చూస్తున్న ల్యాబ్‌వాళ్ల పేపర్లు రెండు పంపించు, ఆదివారం ఫోన్‌లో కలిసి చదువుదాం.

నీ
రఘు